దొర గోలి, ఇస్తారి పెదిమ

పొద్దు పొడిచి జరసేపైంది గని ఇంకా మబ్బుల ఎన్కనే ఉన్నది. సన్నటి ముసురు. నేను గడి ఎన్క కొట్టంల దొర గుర్రాలకు గడ్డి ఏస్తున్న. రాత్రి తాగిన అంబలి కడుపుల ఎప్పుడో ఇంకిపోయింది. గుర్రం నములుతుంటె నా దవడలు ఆడుతున్నయి. గా యాళ్లకు గడి లోపల్నుంచి ఇస్తారి వచ్చిండు, మూతి తుడుసుకుంట. యాటకూర వాసన, గంత పొద్దుగాల్నే.

ఏం పెట్టిండ్రన్నా అని అడిగిన.

"కార్జం. ఉప్పు జర తక్కువైంది," అన్నడు, ఎవలింట్లనో పెండ్లికి పోయి వచ్చినట్టు. గడ్డి మోపు తీసి ఆయన నెత్తిల ఎయ్యాలనిపిచ్చింది.

ఇస్తారి పని గదే. మా ఇబ్రహీంపట్నం దిక్కు ఊర్లల్ల వెట్టి అంటె నీళ్లు మోసుడు, కట్టెలు కొట్టుడు, బండ్లు తోలుడు. ఇస్తారికి మాత్రం తినుడే వెట్టి. దొరల మీద తిరగబడ్డ సంగపోల్లు విషం పెడ్తరని భయం పట్టుకున్నకాడ్నుంచి, దొర ఏం తిన్నా ఏం తాగినా ముందుగాల ఇస్తారి నోట్లె పడాలె. ఇస్తారి పానం మంచిగుంటెనే దొర చెయ్యి పెడ్తడు. రుచి చూడుమంటె ఎవలన్న చిటికెడు తీస్కుంటరు. ఇస్తారి అట్ల కాదు. విషం అడుగుకు దిగి ఉంటది దొరా అనుకుంట గిన్నె అడుగు దాక పోతడు.

మేం నవ్వుకునేది గని, ఆయన ఇంట్ల పొయ్యి ఆరి మస్తు దినాలైంది. పెండ్లాం మైసమ్మ, దొర నోటికి కావలున్నోడు నాకెందుకని కోహెడల తల్లిగారింటికి పోయింది. పోయి తోల్కొచ్చుకుంట అంటె దొర ఒక్క పూట ఇడువడు. చెప్పకుంట పోయినోళ్లను గడి మనుషులు పెడరెక్కలు కట్టి తెచ్చుడు మేం కండ్లార చూసినోళ్లమే.

ఇగ గోలీల ముచ్చట. దొరకు ఒంటి మీద దద్దులు లేసేది. ఎప్పుడు లేస్తయో తెల్వది. లేస్తె పంచాయతి చెప్పేకాడ్నే అంగి ఇప్పి గోక్కుంటడు. పట్నం డాక్టరు ఒకాయన, విలాయతి నుంచి కొత్తగ వచ్చినయని తెల్లటి గోలీలు ఒక సీస ఇచ్చి పోయిండు. దొర ముందుగాల ఇస్తారికి మింగిచ్చిండు. మొదట ఏం కాలే. ఇస్తారి అరుగు మీద కూసొని కునికిండు, గంతే. దొర గూడ మింగిండు, దద్దులు మాయమైనయి.

తర్వాత ఒకపారి గోలి మింగినంక ఇస్తారి పెదిమ మండుతుందన్నడు. తెల్లారేసరికి మీది పెదిమ మీద గుండ్రంగ మచ్చ, అల్లనేరడి పండు రంగు. ఎడమ చెయ్యి మీద ఒకటి. తొడ మీద ఇంకోటి ఉన్నదట, మేం అడగకున్నా పంచె ఎత్తి చూపిచ్చిండు. కొన్ని దినాలకు మంట సల్లారింది, నల్లటి గుర్తు మిగిలింది. మల్ల గోలి మింగితె మల్ల గా తావులల్లనే లేసినయి. పట్వారి గొలుసు పెట్టి కొలిచినట్టు అటు జరగలే ఇటు జరగలే. మంట మాత్రం పెరిగింది.

గోలీలల్ల విషం కలిసిందని దొరకు అనుమానమొచ్చింది. డాక్టరును మల్ల పిలిపిచ్చిండు. డాక్టరు ఇస్తారి మూతి ఎత్తి చూసి, గోలిల విషం లేదన్నడు. ఏడనో ఒక్కనికి గీ మందు పడది. పడనోడు మింగినప్పుడల్ల గవే తావులల్ల మచ్చ లేస్తది, పోను పోను ముదురుతది, బొబ్బలెక్కి నోరంత తోలు ఊడొచ్చు, పానం మీదికి సుత రావొచ్చు. వీనికి ఇంకెప్పుడు ఇయ్యొద్దని గట్టిగ చెప్పిండు.

ఇస్తారి మొఖం ఎలిగింది. ఇడుస్తడనుకున్నడు. దొర తెలివి వేరే. డాక్టరు బండి మలుపు తిరగంగనే మీసం దువ్విండు.

"అంటె అసలు గోలి అయితెనే వీని పెదిమ నల్లబడ్తది. సంగపోల్లు మార్చి వేరేది పెట్టిండ్రనుకో, నల్లబడది. వీని పెదిమనే నాకు సర్కారు ముద్ర."

గప్పట్నుంచి ఇస్తారిని ఇంకా గట్టిగ పట్టిండు. దద్దులు లేస్తె ముందు ఇస్తారి మింగి వాకిట్ల కూసోవాలె. పెదిమ రంగు తిరిగేదాక దొర ఎదురుంగ కుర్చి ఏసుకొని గోక్కుంట చూడాలె. పిల్లను చూడవచ్చినోడు గూడ గంత పట్టి పట్టి చూడడు.

ఇస్తారి ఊకుంటడా. గోలి దవడకు దాసుడు నేర్సిండు. నీళ్లు తాగినట్టు చేసి, ఒంటికి పోయొస్తనని పక్కకు పోయి పెంట మీద ఉమిసేది. పెదిమ మారకపోయేది. గోలీలు మార్చిండ్రని దొర సీస పారేపిచ్చి, పట్నానికి మనిషిని తోలి, కొత్తది వచ్చేదాక గోక్కునేది. సీసను తుపాకుల సందుగల దాసిండు, దేవునర్రల దాసిండు, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నడు. ఏడ దాసినా గంతే.

మాకు పండుగ. దెబ్బలు పడ్డోళ్లు పోయి ఇస్తారికి చెప్పుకునేది. గుర్రానికి ముల్లు గుచ్చుకున్నదని దొర నన్ను కాలితోని తన్నిన్నాడు నేను సుత పోయిన.

"అరే ఎల్లా, ఈపారి గోకుడు నీ పేరు మీద," అన్నడు ఇస్తారి.

మాట తప్పలే. దొర బర్రె లెక్క స్తంభానికి ఈపు రాసుకుంటుంటె నేను గడ్డిల మొఖం పెట్టి నవ్విన. గసుంటి దినాలు నా బతుకుల తక్కువ.

గా నవ్వు పోయి నర్సింహమ్మ మెడకు సుట్టుకున్నది. నర్సింహమ్మ గడిల వంట చేసే ముసలామె. లోపలర్రలకు పోయేది ఆమె ఒక్కతె గదా, గోలీలు మార్చేది గిదేనని దొర పట్టుకున్నడు. ఈపారి పెదిమ మారకుంటె ముసల్దాన్ని రజాకార్లకు అప్పజెప్తనని అందరి ముంగట అన్నడు. ఆమెకు దవడ ముచ్చట తెల్వది. కొంగుతోని చేతులు తుడుసుకుంట నిలవడ్డది. మేం నేల దిక్కు చూసినం.

ఇస్తారి గోలి నాలిక మీద పెట్టుకున్నడు. నీళ్లు తాగి నోరు బార్లా తెరిచిండు. నిజంగనే మింగిండు.

పొద్దు నెత్తి మీదికి రాకముందే పెదిమ నల్లబడ్డది, మీదికెల్లి బొబ్బలు. దొర సంబురంగ తన గోలి మింగి గురక పెట్టిండు. నర్సింహమ్మ పొయ్యికాడికి పోయింది. ఇస్తారికి తెల్లారి నోరంత పుండ్లు. యాటకూర గిన్నె ముంగటుంటె ఏలు ముంచి నాలికకు రాసుకునుడే, అంబలి సుత దిగలే. అడుగు దాక చూడకుంటె ఎట్లన్నా అని మెల్లగ అన్న. నవ్వబోతె పెదిమ పగిలి నెత్తురొచ్చింది.

"నవ్వియ్యకురా," అన్నడు. "ఇంకొక్కటి మింగితె నేనుండ."

వానలు ఎనుకపడే కాలంల యూనియన్ మిలట్రి వస్తుందన్నరు. దాన్నే తర్వాత పోలీస్ యాక్షన్ అన్నరు. రజాకార్లు ఎటోళ్లు అటు పోయిండ్రు. గడి తుపాకి మనుషులు అంగీలు మార్చి చేన్లల్ల కలుపు తీసేటోళ్ల నడుమ కూసున్నరు. ఇగ పెడరెక్కలు కట్టి తెచ్చేటోడు లేడని మాకందరికి సమజైంది. దొరకు కాలే.

మిలట్రి మోటర్లు సడక్ ఎక్కిన దినం దొర కాంగ్రెసోళ్ల తెల్లటోపి పెట్టిండు. మిలట్రి సాబుకు ఎయ్యనీకి బంతిపూల దండ తెప్పిచ్చిండు. దండ చేతుల పట్టిండో లేదో దద్దులు మెడ దాక ఎక్కినయి. సీస తెప్పిచ్చి ఇస్తారిని పిల్సిండు. పలుకు లేదు. ఏడ పోయిండని నన్నడిగిండు. నాకేం చెప్పలేదన్న, గది నిజమే. దొర గోలి నా మూతికాడికి తెచ్చిండు.

"నువ్వు మింగు."

"నా పెదిమ నల్లబడది దొరా. అసల్దో కాదో నీకెట్ల తెలుస్తది?"

దొర ఆలోచన చేసిండు. నా మాట సబబే అనిపిచ్చినట్టుంది. గోలి మల్ల సీసల ఏసి, ఒక చేతిల దండ పట్టుకొని, ఇంకో చేతితోని మెడ గోక్కుంట సడక్ దిక్కు నడిసిండు.

ఇస్తారి పోయింది పొద్దుగాల్నే. కొట్టం ఎన్కనుంచి పోతుంటె నేను చూసిన. నెత్తికి రుమాల, చేతులు ఖాళీ. నన్ను చూసి ఆగిండు. పెదిమ మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నడు. ఏదన్న అంటడని గడ్డి కింద పెట్టి నిలబడ్డ. మైసమ్మ ఉన్న కోహెడ తొవ్వ పట్టి పోయిండు.