బుధవారం విన్నపాలు

ఉదయగిరిలో ఎవరింట్లో ఏ జబ్బు ఉందో తెలియాలంటే బుధవారం సాయంత్రం బాప్టిస్టు ఆడవాళ్ల కూడికకు వెళ్తే చాలు. పాటలు, వాక్యం అయ్యాక చివర్లో లిదియమ్మ కళ్లు మూసుకుని అందరి తరఫునా విన్నపాల ప్రార్థన మొదలుపెట్టేది. చేతిలో కాగితం ఉండేది కాదు. దుత్తలూరులో కాలు విరిగిన మేనల్లుడు, కలిగిరిలోని పుట్టింటికి కాన్పుకు వెళ్లిన కోడలు, సీతారామపురంలో బోరు ఎండిపోయిన కుటుంబం, ఒక్క పేరూ జారేది కాదు. ఒకరి బాధ ఇంకొకరికి అంటగట్టేది కాదు. అంగన్‌వాడీ టీచరుగా ఎంతమంది పిల్లల పేర్లో, వాళ్ల తల్లుల పేర్లో మోసిన బుర్ర అది. మన బాధ మనం చెప్పుకుంటే ఒకటి, లిదియమ్మ చెబితే ఒకటి అని ఆడవాళ్లు అనుకునేవాళ్లు. ఆ మాట ఆమె చెవినా పడింది. అట్లా అనకండమ్మా అనేది గానీ, బుధవారం వస్తే చీర కాస్త మంచిది కట్టుకునేది.

ఆమెకున్న భయం ఒక్కటే, తల్లికి వచ్చిందే తనకూ వస్తుందేమోనని. మతి తప్పిన తల్లి ఆఖరి రోజుల్లో కన్నకూతుర్నే పట్టుకుని, "టీచరమ్మా, మా లిదియా బడికొచ్చిందా?" అని అడిగేది. వచ్చిందని చెబితే నెమ్మదించేది.

రిటైరైన మరుసటేడు ఒక ఉదయం దోసె తిప్పుతూ లిదియమ్మ ఆగిపోయింది. చేతిలో అట్లకాడ ఉంది, దాని పేరు మాత్రం దొరకడం లేదు. ఆత్మకూరులో ప్రైవేటు స్కూల్లో హిందీ చెప్పే కూతురు రూబీ ఆమెను అక్కడి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. నెల్లూరులో స్కాన్ తీయించారు. కచ్చితంగా ఇప్పుడే చెప్పలేం అన్నాడు డాక్టరు. బీపీ, షుగరు అదుపులో పెట్టుకోమన్నాడు, నడవమన్నాడు, బాగా నిద్రపొమ్మన్నాడు, నలుగురిలో ఉండమన్నాడు. "మెదడుకి పని చెప్పమ్మా. ఏదైనా కొత్తది నేర్చుకో."

లిదియమ్మ దాన్ని పరీక్షకు చదివినట్టు పట్టుకుంది. పొద్దున్నే హైస్కూలు గ్రౌండులో నడక. పేపర్లో పదాల గళ్లు. ఫోన్లో ఎవరో చెప్పారని ఎడమ చేత్తో పళ్లు తోమడం. రూబీ ఇచ్చిన మూడో తరగతి హిందీ వాచకం.

ఆర్టీసీ డిపోలో మెకానిక్కుగా చేసి రిటైరైన ఆమె భర్త సామ్యేలుకు ఇదంతా వేడుక. "మా ఇంటామెకి ఢిల్లీలో ఉద్యోగమొచ్చినాది, ఆర్డరు రావడమే ఆలస్యం," అని నడవలో కూర్చుని వచ్చేపోయేవాళ్లకు చెప్పేవాడు.

"నవ్వు, నవ్వు. రేపు నిన్నెవరని అడిగితే తెలుస్తాది," అనేది ఆమె.

అట్లకాడ లాంటిది మళ్లీ జరగలేదు. హిందీ పాఠాలు రెండు కంఠతా వచ్చాయి. నిజంగానే దారి దొరికింది అనుకుంది.

వానలు మొదలైన నెలలో ఒక బుధవారం, అలవాటైన చోట కూర్చుని, అలవాటైన గొంతుతో ఒక్కొక్క ఇంటినీ దేవుడి ముందు పెడుతూ ఆమె అంది: "ప్రభువా, సంఘంలో మా తమ్ముడు జోయల్‌కి రేపు డయాలసిస్. సూది పట్టే చేతికి నీవే తోడుండు తండ్రీ."

ఆమెన్ అన్నారందరూ, అలవాటు కొద్దీ.

ఆ తర్వాత ఎవరో దగ్గారు. లిదియమ్మ కళ్లు తెరిచేసరికి ఎదురుగా జోయల్ భార్య ఎస్తేరమ్మ తెల్లచీరలో కూర్చుని ఉంది. జోయల్ పోయి నెల దాటింది. శవపెట్టెలో అతని తల కింద దిండు సర్దింది లిదియమ్మే.

మరునాడు పొద్దున్నే ఎస్తేరమ్మ ఇంటికొచ్చింది. గడపలోనే నిలబడి, "ఏం వదినా, మా ఆయన్ని మళ్లీ ఆత్మకూరుకి డయాలసిస్‌కి పంపించినావే. బస్సు టికెట్టు ఎవురు తీసినారు?" అంది.

"నన్ను చెప్పుతో కొట్టు ఎస్తేరూ."

"కొట్టేదానికి రాలా." లోపలికొచ్చి కింద కూర్చుంది. "పొయ్యినాక ఎవురూ ఆయన పేరెత్తడంలా వదినా. నేను ఏడుస్తానని భయం. బిడ్డలు గూడా ఎత్తరు. నిన్న నువ్వు ఎత్తినావు. నేనూ కళ్లు మూసుకోనే ఉన్నాను గదా, ఒక్క నిమిషం ఆ మనిషి ఇంట్లో ఉండాడనే అనిపించింది." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "వచ్చే బుధవారం గూడా మర్చిపో వదినా."

లిదియమ్మ కాఫీ ఇచ్చి పంపించింది.

ఆమెను కూలదోసింది జాలి కాదు, ఎగతాళీ కాదు. అట్లకాడ పేరు దొరకనప్పుడు కనీసం బుర్రలో ఖాళీ ఉన్నట్టు తెలిసింది, తడుముకుంది. జోయల్ పేరు చెప్పినప్పుడు ఏ ఖాళీ లేదు, ఏ తడబాటూ లేదు. గొంతు నిండుగా వచ్చింది. తప్పూ ఒప్పూ లోపల ఒకేలా ఉంటే ఇక కాపలా కాయాల్సింది దేనికి?

ఆ మధ్యాహ్నమే పాస్టరు గారి భార్య దగ్గరికెళ్లి, "ఇంక విన్నపాలు నేను చెయ్యలేను అమ్మగారూ," అంది.

"అయ్యో, అదేం మాట లిదియమ్మా! మనిషన్నాక పొరపాటు రాదా?" అంది అమ్మగారు. అదే ఊపిరిలో, "రెబెకమ్మకి చెప్పినాంలే. నువ్వు విశ్రాంతి తీసుకో," అని కూడా అంది.

చెప్పేశారు. తను మానుకునేదాకా కూడా ఆగలేదు. లిదియమ్మ వందనాలు చెప్పి లేచింది.

ఆ శనివారం ఆత్మకూరులో డాక్టరు మళ్లీ చూశాడు. ప్రశ్నలు అడిగి, బొమ్మలు గీయించి, ఈసారి జబ్బు పేరు చెప్పాడు. కొత్త మాత్ర రాశాడు.

"తగ్గుతుందా సార్?" అంది రూబీ.

"పెరగడం నెమ్మదిస్తుంది."

"ఎంత?"

"మనిషిని బట్టి. అమ్మా, హిందీ మాత్రం ఆపొద్దు."

తిరుగు బస్సులో రూబీ తల్లి చెయ్యి పట్టుకుని రెండో పాఠం అడిగింది. లిదియమ్మ మొదటినుంచి చివరిదాకా చెప్పింది. తోతా పేడ్ పర్ బైఠా హై. ఒక్క మాట తప్పలేదు. రూబీ ముఖం విప్పారింది. లిదియమ్మ కిటికీలోంచి బయటికి చూసింది. చిలక చెట్టు మీద భద్రంగానే ఉంది. చేతులారా సాగనంపిన మనిషి పోయాడన్నది మాత్రం బుర్రలో నిలవలేదు.

ఆదివారం ఆరాధన నుంచి రాగానే సామ్యేలును వంటగదిలోకి పిలిచింది.

"నేర్చుకోవాల్సింది నేను గాదయ్యా. నువ్వు."

"ఈ వయసులో నాకు వంటేందే?"

"నాకు హిందీ వచ్చే వయసైతే నీకు పప్పు వచ్చే వయసే. బస్సు ఇంజను విప్పి బిగించినోడివి, కుక్కరు మూత పెట్టలేవా?"

సామ్యేలు నవ్వబోయి, ఆమె ముఖం చూసి మానుకున్నాడు. కందిపప్పు కడిగాడు, సగం సింకులో పోయింది. ఆమె తిట్టింది. నీళ్లు ఎంత పొయ్యాలో వేలు పెట్టి చూపించింది.

"పసుపు ముందే ఎయ్యాల," అంది.

"సరే," అని వేశాడు.

టమోటాలు తరిగాడు, మిరపకాయలు చీల్చాడు. కొత్త గుమాస్తాలా ఒళ్లు దగ్గర పెట్టుకుని చేస్తున్నాడు.

"పసుపు ముందే ఎయ్యాలయ్యా," అంది.

"ఓహో, ముందే ఎయ్యాలా? సరే," అన్నాడు సామ్యేలు, తలూపుతూ, ఎంతో శ్రద్ధగా.

లిదియమ్మ కుక్కర్లోకి చూసింది. నీళ్లు పచ్చగా ఉన్నాయి.

"ఎన్నాళ్లనుంచి?" అంది.

"ఏంది?"

"రెండోసారి చెప్పినా కొత్తగా విన్నట్టు తలాడించేది."

అతను కుక్కరు మూత అందుకున్నాడు. ఎటు తిప్పినా అది పట్టలేదు. "చానా దినాలైనాది," అన్నాడు, మూత వైపే చూస్తూ.

ఆమె చెయ్యి చాపి మూత సరిగ్గా బిగించింది. అతను స్టవ్ వెలిగించాడు.

"విజిల్ ఎన్ని రానియ్యాలో చెప్పు," అన్నాడు.

ఆమె చెప్పింది. ఈసారి అతను తలూపలేదు. ఆ మాటను నోట్లోనే రెండుసార్లు అనుకున్నాడు, ఇకమీదట గుర్తుపెట్టుకోవాల్సింది తానేనన్నట్టు.