ఉత్తగా తిరిగే సర్వరు

ఏ యంత్రమైనా ఊరికే తిరుగుతూ కనిపిస్తే పుల్లన్న పెద్దనాయనకు ప్రాణం కుదుటపడదు. సోమందేపల్లె హోటల్లో టీ తాగడానికి కూర్చుంటే, పక్క బల్ల దగ్గర మనుషులు లేరని లేచి వెళ్లి అక్కడి ఫ్యాను ఆర్పేస్తాడు. బస్టాండులో బస్సు నిలబడి ఇంజను మోగుతుంటే డ్రైవరు దగ్గరికి పోయి, "ఆర్పప్పా, ఎవురబ్బ సొత్తు కాలస్తాండావు?" అంటాడు. ఒకసారి మా ఇంటికొచ్చి టీవీ ఆర్పేశాడు. ఇదేంటని అడిగితే, "ఎవురూ సూడలేదు కదా పాపా" అన్నాడు. టీవీకి ఎదురుగా మా అమ్మ కూర్చునే ఉంది.

కారణం లేకపోలేదు. వయసులో ఉన్నప్పుడు ఒకసారి మోటారు ఆన్ చేసి సంతకు పోయాడట. బోరులో నీళ్లు అయిపోయిన సంగతి తెలియదు. తిరిగొచ్చేసరికి మోటారు ఉత్తగా తిరిగి తిరిగి కాలిపోయింది. కాయ ఊరే అదనులో తడి లేక శెనక్కాయ చేను మొత్తం ఎండిపోయింది. మా వైపు ఇలాంటిది జరగని ఇల్లు లేదు. కానీ అప్పటినుంచి ఊళ్లో స్విచ్చులన్నిటికీ కాపలా కాస్తున్నది మాత్రం ఈయనొక్కడే. పాపమనే అనుకునేదాన్ని, నా పని మీదికి వచ్చేదాకా.

మా ఊళ్లో బోర్లున్న రైతులంతా సంఘం కట్టుకున్నారు. బోర్లన్నిటినీ ఒకే పైపుకు కలిపారు. నీళ్లున్నవాళ్లు లేనివాళ్లకు ఒక తడి ఇస్తారు. సంఘం ఒప్పుకోకుండా ఎవరూ కొత్త బోరు వేయకూడదు. ప్రతి బోరుకూ నీటిమట్టం చూసే మీటరు ఉంది. ఆ లెక్కంతా ఏదో కంపెనీ దగ్గర అద్దెకు తీసుకున్న సర్వరులో చేరుతుంది. ఆ పని చూసేది నేను, హేమలతను. ఖాతా మాత్రం సంఘం అధ్యక్షుడైన పెద్దనాయన పేరు మీద ఉంది. నేను ఏ మార్పు చేయాలన్నా ఆయన ఫోనుకే ఓటీపీ వస్తుంది. ఈ ఏర్పాటు చేసిన మహానుభావుడెవరో దొరికితే నాలుగు మాటలు అడగాలని ఉంది.

ఈ ఏడు పెద్దనాయన అల్లుడు మార్కండేయ కొత్త బోరు అడిగాడు, అదీ నల్లమ్మత్త చేను గట్టు పక్కనే. నల్లమ్మత్తకు ఉన్నది ఎకరం మల్బరీ, ఒకే ఒక్క బోరు. మార్కండేయ పాత బోరు ఆడినప్పుడల్లా ఆమె బోరులో నీళ్లు దిగిపోతున్నాయని ఎండాకాలం లెక్కల్లో స్పష్టంగా ఉంది. ఆ లెక్క చూసి మీటింగులో తేల్చాలి. లెక్క లేకపోతే మార్కండేయ గొంతు ముందు ఆమె మాట ఎవరికీ వినిపించదు. అందుకే రోజూ ఆ లెక్కకు ఒక నకలు వేరేచోట దాచేలా బ్యాకప్ పెడదామని కూర్చున్నాను.

కూర్చున్నాను గానీ, ఓటీపీ ఎక్కడ? పెద్దనాయన గొర్రెలు తోలుకుని గుట్ట వెనక ఉన్నాడు. అక్కడ సిగ్నలు లేదు. ఆయన గుట్టెక్కి ఫోను చేసేసరికి దాని గడువు అయిపోయింది. మళ్లీ పంపించాను. ఈసారి గ్యాసు సిలిండరు వాళ్ల నంబరు చదివాడు. ఇంకోసారి సరైనదే చదివాడు, కానీ చివరి అంకె చెప్పకముందే గొర్రె తప్పిపోయిందని ఫోను పెట్టేశాడు. నాకు జుట్టు పీక్కోవాలనిపించింది. చివరికి ఎలాగో బ్యాకప్ కుదిరింది. ఆయన సంగతి తెలుసు కాబట్టి, ఎవరైనా చెరిపేసినా నకళ్లు రెండు వారాలు పోకుండా ఉండే ఏర్పాటు కూడా పెట్టాను.

వానలు పడ్డాయి. మోటార్లన్నీ ఆగాయి. మీటింగుకు వారం ఉందనగా సర్వరు తీసేసినట్టు నాకు మెయిల్ వచ్చింది. పరుగున పోయేసరికి పెద్దనాయన అరుగు మీద తాపీగా కూర్చుని ఉన్నాడు.

"కంపెనీవోళ్లకు ఫోను జేసి ఆర్పిచ్చినా పాపా. మోటార్లే ఆడనప్పుడు అది ఉత్తగా తిరగతాండాది కదా. కాలిపోదా?"

"అది ఆర్పడం కాదు పెద్దనాయనా, చెరిపేయడం! మరి నకళ్లు?"

"అవీ ఉత్తగానే ఉండాయి. తీసేయమన్నా."

"ఉత్తగా ఉండడమే వాటి పని!" అని వీధి వీధంతా వినబడేలా అరిచాను. "రెండు వారాల్లోపు తెప్పించుకోవచ్చులే. నీ ఫోనుకు కోడ్ వస్తాది, అది చెప్తే చాలు. ఈసారన్నా సరిగ్గా చదువు!"

ఇంటికి పోయి కంప్యూటరు తెరిచి కోడ్ కోసం ఫోను చేస్తే ఆయన ఫోను ఆఫ్. గంట తర్వాతా ఆఫే. మర్నాడూ అంతే. అప్పుడు నాకు అనుమానం పుట్టింది. అల్లుడి కోసమే చెరిపేశాడా? మోటారు కథంతా నా చెవిలో పువ్వు పెట్టడానికేనా? ఒళ్లు మండిపోయి గుట్ట వెనక్కి నడిచాను.

గొర్రెల మధ్య ఒక రాయి మీద కూర్చుని ఉన్నాడు.

"ఫోను ఎందుకు ఆర్పినావ్? అదీ ఉత్తగా తిరగతాందా?"

ఆయన తలెత్తలేదు. "అల్లుడు ఊపిరాడనీలేదు పాపా. ఆ నంబరు హేమకు సెప్పొద్దు మామా, ముసలోడు తెలీక సేసినాడని అందురూ నమ్ముతారు, నిన్నెవురూ ఏమనరు అంటాండాడు. తెలీక సేసిందీ నిజమే. అందుకే ఏం జెయ్యాల్నో తోచక ఈడొచ్చి కూసున్నా."

నేను నోరు తెరవకముందే లేచాడు. ఇద్దరం గుట్టెక్కాం. నా ఫోనులోనే ఖాతా తెరిచి మళ్లీ కోడ్ పంపించాను. ఫోను ఆన్ చేశాడో లేదో మార్కండేయ నుంచి కాల్ వచ్చింది. కట్ చేశాడు. మళ్లీ వచ్చింది, మళ్లీ కట్ చేశాడు. ఆ రెండిటి మధ్యలో కోడ్ వచ్చి పడింది. ఫోనును కళ్లకు దగ్గరగా పెట్టుకుని ఒక్కో అంకె నిదానంగా చదివాడు. ఒక్కటీ తప్పు పోలేదు.

లెక్క మొత్తం తిరిగొచ్చింది. మీటింగులో దాన్ని గోడ మీద అందరికీ చూపించాం. కొత్త బోరు లేదని తేలింది. తీర్మానం చదవాల్సింది అధ్యక్షుడే కాబట్టి ఆయనే లేచి చదివాడు. నల్లమ్మత్త ఆయనకు చేతులెత్తి దండం పెట్టింది. మార్కండేయ మధ్యలోనే లేచిపోయాడు.

మర్నాడు ఖాతాను నా ఫోనుకు మార్చడానికి వాళ్లింటికి పోయాను. ఫోను నా చేతికిస్తూ ఆయనే చెప్పాడు. రాత్రి కూతురు ఫోను చేసిందట. "తెలీక పోగొట్టినోనివి, తెలిసి ఎందుకు తెచ్చిస్తివి నాయనా?" అని ఆ ఒక్కమాటే అడిగి పెట్టేసిందట.

"మళ్లా సేస్తాదేమో, ఫోను ఆర్పొద్దు పాపా" అన్నాడు. ఆయన్ను ఇన్నాళ్లూ నోరారా తిట్టినదాన్ని, ఖాతా మార్చుకుని ఫోను ఆర్పకుండానే ఆయన చేతిలో పెట్టాను.