సైరన్‌కు ముందు పావుగంట

పంతొమ్మిది వందల ఎనభై ఒకటి, జూలై పద్నాలుగు, మంగళవారం, మధ్యాహ్నం రెండుకి పావు తక్కువ. నా భార్య గుండె ఆఖరిసారి తిరగబడింది ఆ వేళకి. చాలా ఏళ్ళపాటు ఎవరడిగినా రెండు గంటలకని చెప్పాను. అది అబద్ధం. రెండుకి పావు తక్కువ. ముందు ఇది రాసేశాను, ఇక మిగతాది రాస్తాను.

అప్పుడు మేము గాజువాకలో, ఒక ఫ్యాక్టరీ గేటుకు దగ్గరగా, రేకుల ఇంట్లో ఉండేవాళ్ళం. నేను పోర్టులో ఖలాసీని. ఓడల్లోకి సరుకు ఎక్కించేటప్పుడు తాళ్ళు కట్టడం, విప్పడం నా పని. అప్పటికి చదువు లేదు, వేలిముద్రగాణ్ణి. ఆమెది యారాడ. నా మేనమామ కూతురు. ఊహ తెలిసినప్పటి నుంచీ నన్ను బావా అనే పిలిచింది, పెళ్ళయ్యాక కూడా అదే పిలుపు. రెండు కాన్పులు పోయాయి. మూడోది వద్దని డాక్టర్లే అన్నారు.

చిన్నతనంలో ఆమెకు కీళ్ళజ్వరం వచ్చింది. యారాడలో దానికి పసరు పోశారు, తగ్గిందన్నారు. తగ్గలేదు. అది వెళ్ళి గుండెలో కూర్చుంది. ముప్పై దాటాక రెండు బిందెలు మోస్తే ఆయాసం వచ్చేది. ముప్పై ఆరో ఏట పెద్దాసుపత్రికి తీసుకెళితే, అక్కడి పెద్ద డాక్టరు గొట్టం పెట్టి చాలాసేపు విని, "గుండెలో ఒక తలుపు మూసుకుపోతోంది, కోసి వేలితో తెరుస్తాం" అన్నాడు. వరస రావాలి, రాసుకుంటాం, కబురు చేస్తాం అన్నారు. ఆ వరస కోసం పద్నాలుగు నెలలు ఎదురుచూశాం. రెండుసార్లు తారీఖు ఇచ్చి వెనక్కి జరిపారు. ఒకసారి ఆమెకే జ్వరం వచ్చింది, ఒకసారి వాళ్ళకే కుదరలేదు.

ఈ పద్నాలుగు నెలల్లో మమ్మల్ని తినేసింది గుండె కాదు. ఇది గుండేనా, భయమా అన్న ఒక్క ప్రశ్న.

ఎందుకంటే ఆమెకు రెండూ ఉన్నాయి. ఆమె తమ్ముడు ఆ ఫ్యాక్టరీలోనే కాంట్రాక్టు పనికి వెళ్ళేవాడు. మా దగ్గరే తిని, మా దగ్గరే పడుకునేవాడు. ఫ్యాక్టరీ సైరన్ పొద్దున ఆరుకి, మధ్యాహ్నం రెండుకి, రాత్రి పదికి కూస్తుంది. ఒకరోజు పదకొండింటికి కూసింది. వేళ కాని వేళ సైరన్ కూసిందంటే లోపల ఎవరికో ఏదో అయిందని మా వీధిలో ప్రతి ఆడమనిషికీ తెలుసు. ఆమె చేపలు కోస్తోంది. కత్తిపీట వదిలేసి, చేతులు కూడా కడుక్కోకుండా గేటు దగ్గరికి పరుగెత్తింది. పోయింది తమ్ముడే.

అప్పటి నుంచీ వేళకి కూసినా సరే, సైరన్ అనగానే ఎక్కడున్నది అక్కడ కూలబడి గుండె పట్టుకునేది. ఒళ్ళంతా చెమట. ఊపిరి అందేది కాదు. మొదట జాలిపడిన వీధి తర్వాత నవ్వింది. జనానికి జాలి ఎన్నాళ్ళుంటుంది? "సైరనమ్మా, కూకున్నావేటి? టయం రెండయిందన్నమాట" అనేవారు. ఆమె కూడా నవ్వేది. ఊపిరి తిరిగి వచ్చాక నవ్వేది.

రెండుసార్లు భయపడి ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళాను. వెళ్ళేసరికి మామూలైపోయింది. రెండోసారి ఒక కుర్ర డాక్టరు ఉన్నాడు. మంచివాడే. "ఎప్పుడెప్పుడు వస్తోందమ్మా?" అని ఆమెను అడిగాడు. నేను చెప్పాను.

"సైరన్ కూసినప్పుడండీ."

"ఆవిణ్ణి చెప్పనివ్వయ్యా" అన్నాడు.

ఆమె నా ముఖం చూసి, "ఆయన సెప్పిందేనండి" అంది.

అంతే. దానితో మా ఇంట్లో తీర్పు చెప్పే పని నాకు పడింది. డాక్టరు నాకు నేర్పించి పంపాడు. కూర్చోబెట్టి నెమ్మదిగా ఊపిరి తీయించు, పది నిమిషాల్లో దిగిపోతే భయం. దిగకపోతే, వెల్లకిలా పడుకోలేకపోతే, పెదాలు నల్లబడితే ఆగకుండా తీసుకొచ్చేయమన్నాడు.

పది నిమిషాలంటే, మా ఇంట్లో గడియారం లేదు. ఉన్నా నాకు పెద్దముల్లు, చిన్నముల్లు సరిగ్గా తెలియవు. అందుకని మేమొక లెక్క పెట్టుకున్నాం. సైరన్ కూయగానే షిఫ్టు దిగినవాళ్ళు సైకిళ్ళ మీద మా వీధినే వెళతారు. మొదట గుంపులుగా, తర్వాత ఇద్దరు ముగ్గురుగా, ఆఖరికి ఒకడూ ఒకడూ. సైకిళ్ళు అయిపోయేసరికి పది నిమిషాలు అవుతుందని పక్కింటాయన తన వాచీ చూసి చెప్పాడు. సైకిళ్ళు అయిపోయేలోపు దిగిపోతే భయం. ప్రతిసారీ దిగిపోయేది. ఆమె గుమ్మంలో కూర్చుని సైకిళ్ళు చూసేది, నేను వెనకాల నిలబడి ఆమెను చూసేవాణ్ణి.

"గుండేనా బావా, బయమా?"

"బయమే. ఊపిరి తియ్యి."

"నువ్వు సెప్తే బయమేలే."

ఎన్నిసార్లు అడిగిందో అన్నిసార్లు అదే చెప్పాను. సైరన్ లేనప్పుడు, నీళ్ళు మోసినప్పుడు, మెట్లెక్కినప్పుడు ఆయాసం వస్తే అది గుండె. సైరన్‌తో వస్తే భయం. ఇంత సులువు. తాడు కట్టేవాడికి అంతకన్నా ఎక్కువ తెలివి ఎక్కడిది? ఇది ఒప్పుకోవడానికి నాకు సిగ్గులేదు. ఆమె తన ఒంటి మాట నమ్మడం మానేసి నా మాట నమ్మడం మొదలుపెట్టింది. సిగ్గు దానికి.

పెదాల సంగతి చెప్పాలి. యారాడ ఆడవాళ్ళలో చాలామందిలాగే ఆమెకు అడ్డపొగ అలవాటు. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట కాలుస్తారు. చేతులు పనిలో ఉండగా గాలికి ఆరిపోకుండా ఉంటుంది. పదిహేనో ఏటి నుంచీ కాల్చింది. డాక్టరు మానమంటే మానేసింది, కానీ పెదాలు అప్పటికే నల్లవి. అవి ఇంకా నల్లబడితే నాకెలా తెలుస్తుంది? ఇది ఆ కుర్ర డాక్టరుకు చెప్పాలని నాకు తోచలేదు. అతనికి అడగాలని తోచలేదు.

జూలై మొదట్లో కార్డు వచ్చింది. ఇరవయ్యో తారీఖు సోమవారం వచ్చి చేరమని. పక్కింటాయన చదివి వినిపించాడు. ఆ రోజు నుంచీ ఆమెకు నిద్ర లేదు. యారాడ నుంచి మా అత్త వచ్చి దగ్గరుంది. కూతురి మీద బెంగతో నన్ను కాల్చుకు తినేది.

ఇంకొక మాట నా చెవిలో పడింది. ఆసుపత్రి వరండాలో ఎవడో అన్నాడు, భయస్తులకు కత్తి పెట్టరట, పదేపదే భయమని పరుగెత్తుకొచ్చేవాళ్ళ పేరు కొట్టేస్తారట. వాడెవడో, నిజమో కాదో తెలియదు. ఏ డాక్టరునీ అడగలేదు. కానీ నమ్మాను. పద్నాలుగో తారీఖుకి ఇంకా ఆరు రోజులుంది. ఈ ఆరు రోజులు ఆసుపత్రి గుమ్మం తొక్కకుండా ఉంటే చాలు, తలుపు తెరుస్తారు, ఇక బతికిపోయినట్టే అని నా లెక్క.

ఆ మంగళవారం నేను రాత్రి డ్యూటీ చేసి వచ్చి పడుకున్నాను. వీధి కుళాయి దగ్గర ఆమె, పక్కింటావిడ ఉన్నారు. పక్కింటివాళ్ళది గోదావరి వైపు. ఆయన ఆ ఫ్యాక్టరీలోనే ఫిట్టరు. నన్ను లేపింది సైరనే. కళ్ళు తెరిచేసరికి అది కూస్తూనే ఉంది. బయటికి వచ్చాను. ఆమె కుళాయి గట్టు మీద కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి, నోరు తెరిచి ఊపిరి పీలుస్తోంది. నేను చూసింది అదే: సైరన్, కూర్చున్న ఆమె. రోజూ చూసేదే.

"అల్లుడా, ఈయేళ ఏటో తేడాగుంది. ఎలిపోదాం రా" అంది అత్త.

"ఊరుకో అత్తా. సైరన్ దడే. కూకోబెట్టు."

"సైరన్‌కి కాదండీ, అంతకు ముందు నుంచే..." అని పక్కింటావిడ మొదలుపెట్టింది.

"నువ్వుండమ్మా, నాకు తెలుసు" అన్నాను.

ఆవిడ ఆగిపోయింది. మగవాడు కసిరితే ఆగిపోయే మనిషి.

ఆమెను ఇంటి గుమ్మంలోకి తెచ్చి కూర్చోబెట్టాను. సైకిళ్ళు వెళుతున్నాయి. "బావా, గుండేనా?" అంది. ఈసారి రెండో మాట అడగలేదు. "బయమే. సోమారం వత్తందని బయం" అన్నాను. సైకిళ్ళు పలచబడ్డాయి. ఆఖరి సైకిలు వెళ్ళింది. ఆమెకు దిగలేదు. నేనేమన్నానో తెలుసా? ఇంకా సైకిళ్ళు ఉన్నాయి, ఈ రోజు జనం ఎక్కువ అన్నాను. వీధి ఖాళీగా ఉంది. ఆమె ఆ ఖాళీ వీధిని చూసి తల ఊపింది.

పడుకోమన్నాను. పడుకోలేనంది. అది డాక్టరు చెప్పిన గుర్తే. ఆపరేషను బెంగకు పడుకోలేకపోతోందని సర్దుకున్నాను. పెదాలు చూశాను. ఎప్పటిలాగే ఉన్నాయి. మా మందిరం పాస్టరుగారి భార్య మంగళవారం ఇంటి ప్రార్థనకు వచ్చింది. వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని, "చేతులు మంచులా ఉన్నాయి. ప్రార్థన దారిలో చేసుకుందాం, ముందు బండి పిలవండి" అంది.

"నా మనిషిని ఎప్పుడు తీసుకెళ్ళాలో నాకు తెలీదా అమ్మగారూ? పేరు కొట్టేత్తే మీరు కోయిత్తారా ఆపరేషను?" అన్నాను.

ఆవిడ నావైపు చూసి, ఇక ప్రార్థన చేసింది. ఆమె కూడా పెదాలు కదిపింది. ఆ తర్వాత దగ్గు వచ్చింది. మొదట పొడిదగ్గు. చుట్ట దగ్గనుకున్నాను. మానేసి ఏడాది దాటినా అలాగే అనుకున్నాను. తర్వాత ఆమె చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తీసేసరికి కొంగు మీద నురగ, ఎర్రగా, పల్చగా. అత్త అరిచింది. అప్పుడు పరుగెత్తాను ఆటో కోసం. అప్పటికి నాలుగు కావస్తోంది.

ఆటోలో ఆమెను నేనూ అత్తా చెరో పక్కనుంచి పట్టుకున్నాం. మాట్లాడలేకపోయింది. గుండేనా, భయమా అని అడగలేదు. అడగమని నేను మనసులో మొక్కుకున్నాను. అడిగితే ఈసారి సరిగ్గా చెబుదామని. ఊరు సగం దాటాక నా భుజం మీద ఆమె తల బరువెక్కింది. తాళ్ళ పనివాణ్ణి కదా, ప్రాణం ఉన్న బరువుకీ లేని బరువుకీ తేడా నా భుజానికి తెలుసు. అయినా ఆటోవాణ్ణి ఇంకా తొందరగా పోనిమ్మన్నాను.

ఆసుపత్రిలో ఒక డాక్టరు ఆమె కళ్ళు చూసి, చెయ్యి చూసి, లేదన్నాడు. "ఎప్పుడు మొదలైంది?" అని అడిగాడు. రెండు గంటలకన్నాను. అతను కాగితం మీద రాసుకున్నాడు. రెండు నుంచి నాలుగు దాకా ఏం చేశారని అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది. ఎవడో ఒకడు నన్ను అడగాల్సింది.

మూడో రోజు ప్రార్థన కూటానికి పక్కింటాయన వచ్చాడు. గోడకు ఆనుకుని కూర్చుని, ఇంత మనిషి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ రోజు రెండో షిఫ్టుకు సైకిలు బయటికి తీస్తూ కుళాయి గట్టు మీద ఆమెను చూశాడట. వాచీ చూసుకున్నాడట, రెండుకి పావు తక్కువ. "ఏమ్మా, ఇవాళ సైరన్ కంటే ముందే కూర్చుండిపోయావే, డ్యూటీకి తొందరగా వచ్చేశావా?" అని ఎగతాళి చేశాడట. ఆమె, "కూత్తది లెండి, ఇప్పుడే కూత్తది" అందట. పక్కింటావిడ నన్ను లేపుతానంటే, "రాత్రి డూటీ సేసొచ్చేడు, సైరన్‌కి ఎలాగూ లెగుత్తాడు" అని ఆపిందట.

అంటే ఆ పావుగంట ఆమె సైరన్ కోసం ఎదురుచూసింది. సైరన్ కూస్తే అది భయమవుతుంది, కూయకపోతే గుండె. లెక్క నేను పెట్టిందే.

తర్వాత చాలామంది వచ్చి, ఒక్కడివీ ఏం చేయగలవు, ఆడవాళ్ళు భయపడి నీకు చెప్పలేదు, దేవుడి చిత్తం అన్నారు. నేను తల ఊపాను. ఏళ్ళ తరబడి ఊపాను. రెండు గంటలకని చెబుతూ వచ్చాను, ఎందుకంటే రెండు గంటలకైతే ఏ మొగుడైనా ఆ తప్పే చేస్తాడు. యాభై దాటాక పాస్టరుగారి భార్యే, ఆదివారం ఆరాధన అయ్యాక, మందిరం వరండాలో నాకు పలకమీద అక్షరాలు దిద్దించింది. నేను కసిరిన మాట ఆవిడ ఏ రోజూ ఎత్తలేదు. ఇది చదివితే ఆవిడకు నచ్చదు, క్షమాపణ ఉందంటుంది. ఉండొచ్చు. నాకు అందలేదు.

అప్పుడు నేను ఒక్కణ్ణే లేను. అది అందరికీ తెలియాలి. పేర్లు వేయను, వాళ్ళలో బతికున్నవాళ్ళున్నారు. ఆ రోజు అక్కడున్నది వీళ్ళు. తీసుకెళ్ళిపోదాం రా అన్న మా అత్త. ముందు నుంచే అని చెప్పబోయిన పక్కింటావిడ. రెండుకి పావు తక్కువకు వాచీ చూసిన ఆవిడ భర్త. బండి పిలవమన్న పాస్టరుగారి భార్య. పిలవగానే అన్నం ముందు నుంచి లేచి వచ్చి, బాడుగ మాట ఎత్తకుండా నడిపిన ఆటోవాడు. టైము రాసుకున్న డాక్టరు. నా భార్య. నేను.