ఏమీ లేదన్న మడుగు

నది ఒడ్డున ఉన్న మా టాలెంబా ఊళ్ళో ఎవరినైనా పంట ఎలా ఉందని అడిగి చూడండి. గోదాము నిండి గోధుమలు వాకిట్లోకి పొర్లుతున్నా సరే, "ఏదో, ఈ ఏటికి గట్టెక్కుతాం" అంటారు. కూతురు పెద్ద డాక్టరైతే "ఆస్పత్రిలో ఏదో పని చేస్తోందిలే" అంటారు. తన గురించి తాను ఒక మంచిమాట చెప్పుకోవడమంటే మావాళ్ళకు నడిబజార్లో బట్టలిప్పుకున్నంత సిగ్గు. పొరపాటున ఎవడైనా చెప్పుకున్నాడా, పదేళ్ళపాటు పబ్బులో వాణ్ణి ఆ మాటతోనే పిలుస్తారు. బయటివాళ్ళు దీన్ని వినయమని మెచ్చుకుంటారు. నాకు మాత్రం ఒళ్ళు మండుతుంది. క్లారీ హాస్కిన్‌ను ఇది ఏం చేసిందో నేను చూశాను.

క్లారీకి డెబ్భై తొమ్మిదేళ్ళు. సన్నగా పొడుగ్గా ఉంటాడు, ఏ గుమ్మం దాటినా అలవాటుగా తల వంచుతాడు. ఇరవై రెండో ఏట నది పనివాళ్ళ జట్టులో చేరాడు. ఆ రోజుల్లో నదిలో పడి ఉన్న దుంగల వల్లే వరదలొస్తాయని పెద్దవాళ్ళందరి నమ్మకం. దుంగలు తీసేస్తే నీళ్ళు గబగబా పోతాయి, పొలాలు మునగవు. ఒడ్డున ట్రాక్టరు, దానికి ఇనుపతాడు. ఆ తాడు కొస పట్టుకుని మునిగి, అరచెయ్యి కూడా కనబడని మట్టినీళ్ళలో తడుముకుంటూ దుంగను వెతికి, గొలుసు కట్టి పైకి రావడం క్లారీ పని. పదకొండేళ్ళు చేశాడు. అతనంతసేపు ఊపిరి బిగబట్టగలవాడు ఆ జట్టులోనే లేడని అందరూ అనేవాళ్ళు, అతను తప్ప.

దుంగలు పోయాయి. వరదలు మాత్రం ఎప్పటిలాగే వచ్చాయి. పోయింది కాడ్ చేప. మా నదికి అది పెద్ద. తొర్ర ఉన్న దుంగలో గుడ్లు పెడుతుంది, ఆ దుంగ నీడనే బతుకుతుంది, బతికినన్నాళ్ళూ ఆ చోటు వదలదు. దాని ఇళ్ళన్నీ మేమే పెరికి ఒడ్డున పోగేసి తగలబెట్టాం. క్లారీకి నలభై ఏళ్ళు వచ్చేసరికి ఊరి దగ్గర నదిలో బురద తవ్వుకు తినే కార్ప్ చేపలు తప్ప మరేమీ మిగల్లేదు. అప్పటికే అతను జట్టు వదిలి రోడ్ల పనికి మారాడు. నది మాట ఎవరైనా ఎత్తితే లేచి వెళ్ళిపోయేవాడు.

వెర్నా పాస్కో పోస్టాఫీసు నుంచి రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక నది బాగుచేసే సంఘం ఒకటి పెట్టింది. దుంగలు మళ్ళీ నదిలో వెయ్యాలని ఆమె అంటే ఊరి హాల్లో సగంమంది నవ్వారు. వెనక టీ కాచే డబ్బా పక్కన నిలబడ్డ క్లారీ మాత్రం నవ్వలేదు.

"ఎక్కడెక్కడ తీశామో నాకు తెలుసు," అన్నాడు.

"ఎలా తెలుసు? నలభై ఏళ్ళు కావస్తోంది కదా!" అంది వెర్నా.

"కళ్ళతో చూసింది కాదుగా మర్చిపోవడానికి. చేత్తో తడిమింది."

ఆ వారంలోనే పటం గీసి ఇచ్చాడు. మూడు మైళ్ళ నది, దుంగ దుంగకూ ఒక గీత.

దుంగలు తేవడం మాటలు కాదు. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు కొట్టేసిన ఎర్ర గమ్ చెట్లు అడిగి తెచ్చుకోవాలి, లారీ కావాలి, క్రేను కావాలి. అందుకని శనివారం శనివారం హార్డ్‌వేర్ కొట్టు ముందు సాసేజ్‌లు కాల్చడం మొదలుపెట్టారు. రొట్టె ముక్కలో సాసేజ్, పైన వేయించిన ఉల్లిపాయలు. ఉల్లిపాయల పెనం క్లారీది. శుక్రవారాలు పబ్బులో లాటరీ, గెలిచినవాళ్ళకు పళ్ళెం నిండా మాంసం, దాని చీటీలు అమ్మడమూ అతనే. ఒక నెలంతా కాలిస్తే ఒక దుంగ వచ్చేది.

"పెళ్ళయిన కొత్తలో డీజిల్ కంపు, ఇప్పుడు ఉల్లిపాయల కంపు," అనేది అతని భార్య ఎనిడ్. "మొగుడి వాసన ఎలా ఉంటుందో ఈ జన్మకు తెలిసేట్టు లేదు నాకు." అంటూనే శనివారం తెల్లారేసరికి సంచీడు ఉల్లిపాయలు తరిగి పెట్టేది.

అలా పద్నాలుగు దుంగలు వేశారు, అన్నీ ఒకే మలుపులో, అడుగు కనబడని లోతు మడుగులో. క్రేను ఒక్కో దుంగను దించుతుంటే క్లారీ ఒడ్డున నిలబడి చేత్తో సైగలు చేశాడు, ఇంకొంచెం ఎడమకి, ఇంకొంచెం. అక్కడ ఎవరూ గేలం వేయకూడదని సంఘంలో తీర్మానం పెట్టిందీ అతనే. చేపలు కుదురుకునేదాకా వాటి జోలికి పోవద్దన్నాడు. మంచిదే. కానీ గేలం లేని చోటికి మా ఊళ్ళో ఎవడు పోతాడు? ఒడ్డున నాటిన మొక్కలు మనిషిని మించి పెరిగాయి, దారి కమ్ముకుపోయింది. పన్నెండేళ్ళపాటు ఆ మడుగును రోజూ చూసింది క్లారీ ఒక్కడే.

"ఏమన్నా ఉందా అందులో?" అని పబ్బులో అడిగేవాళ్ళు.

"ఉన్నాయి. నీళ్ళు," అనేవాడు.

పైకి అలా అన్నా, లోపల ఒకటే కోరిక. తను పోయేలోగా ఆ మడుగులోకి ఒక్క కాడ్ తిరిగి రావాలి. చేతులారా ఖాళీ చేసిన చోటు మళ్ళీ నిండిందని తెలిస్తే చాలు, ఇంకేమీ వద్దు.

వచ్చింది. రెండేళ్ళ కిందట ఒక సాయంత్రం మూడో దుంగ పక్కన నీళ్ళు ఉబ్బాయి. పచ్చటి మచ్చల వెడల్పు వీపు ఒకటి పైకి తేలి, నిదానంగా ఒరిగి, లోపలికి పోయింది. క్లారీ బురదలోనే కూర్చుండిపోయాడు. ఇంటిదాకా నడుస్తున్నంతసేపూ ఎనిడ్‌తో ఎలా చెప్పాలా అని మాటలు కూర్చుకున్నాడు.

"ఏంటింత ఆలస్యం? ప్యాంటుకా బురదేంటి?" అంది ఎనిడ్.

"ఏం లేదు. జారాను."

ఎందుకు చెప్పలేదు? చెబితే ఏమవుతుందో అతనికి తెలుసు. దుంగలేసింది తను, చేపను చూసింది తను, సాక్షి లేడు. శుక్రవారానికల్లా పబ్బులో చేప ఒకటిన్నర గజాలవుతుంది, ఆ తర్వాత వారం మొసలవుతుంది, చచ్చేదాకా తను 'మొసలి క్లారీ' అవుతాడు. మరొకరెవరైనా చూడనీ, అప్పుడు తలూపుదాం అనుకున్నాడు. మరొకరెవరూ ఆ దారి పట్టలేదు.

పోయిన వసంతంలో వరద వచ్చింది. నది గట్లు దాటి అడవిలోకి పాకి, ఏళ్ళతరబడి రాలిన ఆకూ బెరడూ అంతటినీ మూడు వారాలు నానబెట్టింది. తిరిగి నదిలోకి దిగేసరికి ఆ నీళ్ళు నల్లటి డికాక్షన్. ఆకులు కుళ్ళేకొద్దీ నీళ్ళలోని గాలి హరించుకుపోయింది. ముందుగా ముళ్ళ రొయ్యలు బయటికొచ్చాయి. ఊపిరాడక ఒక్కొక్కటే పాక్కుంటూ గట్టెక్కి, చెట్ల మొదళ్ళు పట్టుకుని వేలాడాయి. వెర్నా సంఘాన్నంతా పిలిచింది. ముసలీ ముతకా అంతా బట్టలుతికే టబ్బుల్లో మంచినీళ్ళు పట్టుకొచ్చి, బతికించడానికి రొయ్యల్ని ఏరసాగారు.

చేపల శాఖ నుంచి టామ్సిన్ వచ్చింది. ముప్పయ్యేళ్ళుంటాయి, వారంరోజులుగా నిద్ర లేనట్టు కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ట్రక్కు మీద పటం పరిచి అందరినీ దగ్గరికి రమ్మంది.

"నా దగ్గర ఒకటే పడవ, నీళ్ళకు గాలి పట్టే మిషను ఒకటే," అంది. "రేపు సాయంత్రానికి నదిలో గాలన్నది మిగలదు. ఒక చోటికే వెళ్ళగలను. ఊరికి ఎగువన ఆనకట్ట కింద కాడ్ ఉన్నట్టు తెలుసు, గేలాలకు పడుతున్నాయి. కానీ ఎక్కువగా పిల్లలు. మీ మలుపు మడుగు లోతైనది, ఉంటే పెద్దవి ఉంటాయి. గుడ్లు పెట్టేవి. ఉన్నాయని ఏ కాస్త గుర్తున్నా ముందు అక్కడికే వెళ్తాను." క్లారీ వైపు తిరిగింది. "మీరు రోజూ వెళ్తారట కదా. ఎప్పుడైనా చూశారా?"

పన్నెండు మంది అతని మొహం కేసి చూశారు.

"అడగాల్సినవాణ్ణే అడిగావు తల్లీ!" అంది వెర్నా. "మావాడి నోట్లోంచి తన పని గురించి మంచిమాట రావాలంటే ట్రాక్టరు పెట్టి లాగాలి."

అందరూ నవ్వారు. వారమంతా నదిలో చావులు చూసినవాళ్ళు, పాపం, నవ్వడానికి ఒక సాకు దొరికింది. క్లారీ కూడా నవ్వాడు.

"నా మడుగా?" అన్నాడు. "కార్ప్ తప్ప ఏమీ లేదమ్మాయ్ అక్కడ. ఆనకట్టకే పో."

మాట తేలిగ్గా వచ్చేసింది, రోజూ పబ్బులో వచ్చినట్టే. ఆ తర్వాత గాని దానికి కారణాలు వెతుక్కోలేదు. ఒక్క వీపు, ఒక్క క్షణం, అదీ రెండేళ్ళనాటిది. ఆనకట్ట దగ్గరున్నవి తెలిసిన చేపలు. తెలిసినవి వదిలేసి ఒక ముసలాడి కంటిని నమ్ముకుంటారా? ఆ కారణాలన్నీ బాగానే ఉన్నాయి. టామ్సిన్ పటం మడిచి పడవ కట్టిన ట్రక్కును ఆనకట్ట దారి పట్టించింది.

అక్కడ ఆరు చేపలు దొరికాయి, మోచెయ్యంత కూడా లేనివి. మంచినీళ్ళ ట్యాంకులో వేసుకుని చేపల కేంద్రానికి తీసుకుపోయారు. క్లారీ తన చేత్తోనే రెండింటిని ఎత్తి అందించాడు. ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. ఎనిడ్ అడిగితే అలిసిపోయానన్నాడు.

మూడో రోజు పొద్దున మడుగు వైపు నుంచి కంపు వచ్చింది. ముందు క్లారీ వెళ్ళాడు, అతని వెనక ఫ్లాస్కుతో ఎనిడ్, కాసేపటికి వెర్నా, టామ్సిన్.

తొమ్మిది తేలాయి. తెల్లటి పొట్టలు పైకి తిరిగి, నల్లటి నీళ్ళ మీద దుంగల చుట్టూనే ఉన్నాయి. అన్నింటికంటే పెద్దది మూడో దుంగకు ఆనుకుని ఉంది. నలుగురూ కలిసి దాన్ని ఒడ్డుకు లాగాల్సి వచ్చింది. టామ్సిన్ టేపు పట్టి, తల నుంచి తోకదాకా కొలిచి, పొట్ట నొక్కి చూసింది.

"పన్నెండేళ్ళ కిందట వేసిన దుంగలు కదా?" అంది. "వేసిన ఏడాదికో రెండేళ్ళకో వచ్చి ఉంటుంది. ఇక్కడే పెరిగింది. నిండా గుడ్లు." తర్వాతి మాట మింగబోయింది గానీ మింగలేకపోయింది. "ఇటొచ్చి ఉంటే వీటిలో సగమైనా..."

"ఊరుకో తల్లీ," అంది వెర్నా. క్లారీ భుజం మీద చెయ్యి వేసింది. "నువ్వు మనసులో పెట్టుకోకు. నీకేం తెలుసని? ఎవరమూ చూడలేదు కదా."

తలూపితే సరిపోయేది. ఊరంతా అదే మాట అనుకునేది, ఆ మాటే నిలిచిపోయేది. క్లారీ చేపకేసి చూశాడు.

"చూశాను," అన్నాడు.

వెర్నా చెయ్యి అతని భుజం మీదే ఆగిపోయింది.

"మార్చి పదకొండు, మంగళవారం. సాయంత్రం ఆరూ పది. మూడో దుంగకు ఇవతల, జానెడు దూరంలో. ముందు వీపు, తర్వాత తోక. ఎడమకి ఒరిగి దిగిపోయింది." ఎవరో అప్పగించమన్న పాఠంలా గడగడా చెప్పేశాడు. రెండేళ్ళుగా రోజూ లోపల చెప్పుకుంటున్నదే.

టామ్సిన్ పుస్తకం తీసింది. ఇంక ఎందుకూ పనికిరాదని తెలిసి కూడా తారీఖు, వేళ రాసుకుంది.

"మరి ఎందుకు చెప్పలేదయ్యా?" అంది వెర్నా. అడిగిన వెంటనే తను ఆ రోజు అందరిలో అన్న మాట గుర్తొచ్చినట్టుంది, మొహం పక్కకు తిప్పుకుంది.

ఎనిడ్ ఫ్లాస్కు కింద పెట్టింది. యాభై నాలుగేళ్ళ కాపురం వాళ్ళది. "ఆ రోజేనా నువ్వు బురదతో వచ్చింది?" అంది. "నాతోనైనా అనొచ్చు కదా క్లారీ. నేను నవ్వేదాన్నా?"

క్లారీ మెల్లగా వంగి, చేప పక్కన బురదలో కూర్చున్నాడు. పచ్చటి మచ్చల వీపు మీద అరచెయ్యి వేసి, తల దగ్గర్నుంచి తోకదాకా తడిమాడు, ఒకప్పుడు నీళ్ళ అడుగున దుంగల్ని తడిమినట్టే, తొందర లేకుండా.

"మంచి దుంగలు వేశాం," అన్నాడు. గొంతు పెద్దది చేసుకుని, అందరికీ వినబడేలా అన్నాడు. "నేను వేయించాను. చాలా మంచి మడుగు ఇది."

తొమ్మిదింటినీ పూడ్చాలి, ఎండ ఎక్కుతోంది. ఎనిడ్ టామ్సిన్ తెచ్చిన పార తీసుకుని గట్టు మీద మెత్తటి చోటు చూసి తవ్వడం మొదలుపెట్టింది.