వెనక సీటులో రైసు మిల్లు

అది 1963. నెల్లూరులో ట్రంకు రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డులో నేను కార్ల మెకానిక్‌గా ఉన్న రోజులు. ఉప్పుగాలి జిల్లా కాబట్టి మా దగ్గరికి వచ్చే బండ్లకు ఇంజను రోగాల కన్నా తుప్పు రోగాలే ఎక్కువ. నేను బడికి పోయింది తక్కువ. తెలుగు అక్షరాలు చర్చిలో దిద్దుకున్నాను. ఇంగ్లీషు మాత్రం కార్లతో వచ్చే మాన్యువల్ పుస్తకాల్లోనే కూడబలుక్కున్నాను.

ఈ మధ్య ఒక వారపత్రికలో ఎవరో పెద్దమనిషి రాశారు, మనిషికి కారు మీద ఉండే మోజంతా డాబు కోసమేనని, నలుగురూ చూడాలనే యావేనని. చదివితే ఒళ్లు మండింది. ఆయన ఎప్పుడైనా కారులో కళ్లు మూసుకుని కూర్చున్నాడా? ఎవరి కంటా పడాలని లేకుండా కారులో సుఖం వెతుక్కున్న ఒక మనిషి సంగతి నాకు తెలుసు. అది చెబుతాను.

పెంచలరెడ్డి గారిది కొడవలూరు. వరి పండించే ఆసామి. ఆయనకొక పాత సీమ కారు, ఇంగ్లండు నుంచి దిగింది, ఉండేది. దానికి ఓవర్‌హాలింగ్ చేయమని తెచ్చారు. అంటే ఇంజను దించి, విప్పి, అరిగినవన్నీ మార్చే పని. ఒళ్లు దగ్గర పెట్టుకుని చేశాం. పిస్టన్ రింగులు మార్చాం. సైలెన్సరు మార్చాం. ఇంజను మౌంటింగులూ మార్చాం. మౌంటింగ్ అంటే ఇంజనుకూ బండి చట్రానికీ మధ్య ఉండే రబ్బరు దిమ్మ. ఇంజను అదురు బండికి ఎక్కకుండా ఆపేది అదే. ఆ కారులోవి రాయిలా గట్టిపడిపోయి ఉన్నాయి. కొత్తవి వేసి స్టార్టు చేస్తే, షెడ్డు యజమాని నాయుడు గారు బానెట్ మీద చెయ్యి పెట్టి, "దీంట్లో ఇంజనుందా, తీసేసినారా?" అని మురిసిపోయారు.

కొద్దిరోజులకే రెడ్డి గారు మళ్లీ వచ్చి నన్ను పిలిచారు.

"దేవదానం, పుల్లింగ్ లేదబ్బయ్యా."

ట్రయలుకు పోయాను. పెన్నా వంతెన మీద బ్రహ్మాండంగా లాగింది. ఆ తర్వాత మళ్లీ వచ్చి క్లచ్ పట్టేస్తా ఉందన్నారు. క్లచ్‌కు ఏమీ లేదు. ఇంకోసారి సీటు కొత్త రెక్సిన్ వాసన కొడతా ఉందన్నారు. సీట్లను మేం ముట్టుకోనేలేదు. నాయుడు గారికి విసుగెత్తింది.

"రెడ్డిగారూ, బండికి రోగం లేదు. దిష్టి తగిలుంటుంది, ఒక నిమ్మకాయ కట్టించండి" అన్నారు.

షెడ్డంతా నవ్వింది. రెడ్డి గారు నవ్వలేదు. "ఇంక నాకెందుకు ఈ కారు? అమ్మేస్తా" అని వెనక్కి తిరిగారు. ఆ గొంతులో కోపం లేదు. నేను వెంట పోయి డోరు పట్టుకున్నాను.

"నిజం చెప్పండి సామీ. దీనికి ఏమైంది?"

ఆయన అటూ ఇటూ చూసి, "మా ఆడమనిషికి నిద్ర పట్టటంలా" అన్నారు.

ఆయన భార్య రమణమ్మ గారు కళ్లంలో జారిపడ్డారట. అప్పటి నుంచీ నడుములో నరం లాగుతోంది. ఆసుపత్రి బిళ్లలు వేసుకుంటే తల తిరగడమే గాని నిద్ర రాదు. ఒకనాడు ఆసుపత్రికి తీసుకొస్తుంటే వెనక సీట్లో హాయిగా నిద్రపోయారు. అప్పటి నుంచి మధ్యాహ్నం పూట ఆమెను ఎక్కించుకుని జువ్వలదిన్నె దాకా పోయి వచ్చేవారు. పోయి వచ్చేదాకా ఆమె నిద్రపోయేవారు. రోజు మొత్తానికీ ఆమెకు దక్కే నిద్ర అదొక్కటే.

"ఊళ్లోవాళ్లు, రెడ్డి పెళ్లానికి షికార్లు నేర్పినాడంటా ఉండారు. అననీ. మీరు బాగుచేసినకాడ్నించీ ఆమె కన్ను మూస్తే ఒట్టు."

"ఈ మాట మొదటే చెప్పుండొచ్చు గదా?"

"ఏమని చెప్పేది? నా పెళ్లాం కారులో పడుకుంటాదని ఇంతమంది మొగోళ్ల ముందర చెప్పమంటావా?"

మర్నాడు ఆమెనే తీసుకురమ్మన్నాను. వచ్చారు. కళ్ల కింద నల్లటి చారలు. నాతో నేరుగా మాట్లాడలేదు.

"ముందర మాదిరి లేదని చెప్పండి" అన్నారు భర్తతో.

"ఏది ముందర మాదిరి లేదో అమ్మగారిని అడగండి" అన్నాను నేనూ ఆయనతోనే.

రెడ్డి గారికి మండింది. "మధ్యలో నేనేంది, తపాలా బంట్రోతునా? మీరూ మీరూ మాట్లాడుకోండి!"

ఆమె కొంగు సర్దుకుని నవ్వారు. "నాయనా, మా పుట్టిల్లు కోట అనే ఊళ్లో. మా ఇంటి గోడకి అవతల రైసు మిల్లు ఉండేది. చిన్నప్పుడు ఆ గోడకి వీపానించి పడుకునేదాన్ని. మిల్లు ఆడతా ఉంటే గోడంతా సన్నంగా జుమ్మనేది. ఈ కారు సీటు కూడా అట్నే ఉండేది. నడుం కింద ఆ జుమ్ము తగిలితే నొప్పి మరిచిపోయేదాన్ని. ఇప్పుడది లేదు. మిల్లు మూసేసినట్టుండాది."

మేం ట్రయలు ఎప్పుడూ ముందు సీట్లోంచే చేస్తాం. చేతికి స్టీరింగు, కాలికి పెడలు, చెవికి ఇంజను. వెనక కూర్చునే మనిషికి ఏం తగులుతుందో చూసే అలవాటు ఏ షెడ్డులోనూ లేదు. ఆమెను అడిగి, వెనక ఆమె చోటులో కూర్చుని, ఇంజను స్టార్టు చేయించాను. నడుముకు ఏమీ తగల్లేదు. మేం గర్వంగా వేసిన కొత్త రబ్బర్లు ఆ మిల్లును మింగేశాయి.

పాత మౌంటింగ్ తిరిగి వేస్తానంటే నాయుడు గారు ఎగిరిపడ్డారు. "బాగుచేసినదాన్ని చెడగొట్టడానికా నేను షెడ్డు పెట్టుకుంది? నలుగురికీ తెలిస్తే మన మొగాన ఉమ్మరా?"

"అన్నా, నిద్రపోయేది ఆమె. బాగో కాదో ఆమె చెప్పాల."

"నా కళ్ల ముందర మాత్రం చెయ్యబాక" అని ఆయన టీ తాగడానికి పోయారు.

ఇంజను ముందరి కొత్త దిమ్మలు అట్లాగే ఉంచాను. వెనక గేరుబాక్సు కింద మాత్రం, ఆ కారులోంచి తీసినవాటిలో పగులు లేని పాత దిమ్మ ఒకటి ఏరి బిగించాను. ఆమెను వెనక కూర్చోబెట్టి, కార్బురేటరు దగ్గర స్లో స్పీడు స్క్రూ కొద్దికొద్దిగా తిప్పాను. ఇంజను ఊరికే ఆడేటప్పుడు ఎంత వేగంతో ఆడాలో చెప్పే స్క్రూ అది.

"ఇంకొంచెం నాయనా... అబ్బే, ఎక్కువైంది... ఆఁ, ఇదే. ఇదే మా మిల్లు."

నేను చేతులు తుడుచుకుని, బానెట్ మూయకముందు, "సరిపోయిందా అమ్మా?" అని అడిగాను. మళ్లీ అడగబోతే రెడ్డి గారు పెదాల మీద వేలు పెట్టారు. ఆమె తల సీటు మీదికి వాలిపోయి ఉంది. అరచెయ్యి డోరుకు ఆనించి ఉంది.

అవతల మడ్‌గార్డు సాపు చేస్తున్న టింకరింగ్ మస్తాన్ అది చూసి సుత్తి కింద పెట్టేశాడు. టీ తాగి వచ్చిన నాయుడు గారు గేటు దగ్గరే ఆగి, చెప్పులు చేత్తో పట్టుకుని లోపలికి వచ్చారు. పొద్దస్తమానం దడదడలాడే మా షెడ్డులో ఆ పూట ఆ ఒక్క ఇంజను చప్పుడే. రెడ్డి గారు స్టీరింగు ముందు కదలకుండా కూర్చుని కళ్లు తుడుచుకుంటున్నారు.

ఆ రోజు నుంచి, బండి తెచ్చినవాళ్లను దీంట్లో ఎవరెవరు ఎక్కడ కూర్చుంటారని అడిగి, ఆ చోట్లలో నేనూ కాసేపు కూర్చుని, ఆ తర్వాతే బానెట్ ఎత్తేవాణ్ణి. నవ్వినవాళ్లు నవ్వారు. కొందరికి ఇంజను వాసన ఇష్టం, కొందరికి డోరు మూసినప్పటి చప్పుడు. ఆ ఇష్టాన్ని చెడగొట్టకుండా బండి బాగుచేయడమే పనితనమని నాకు నేర్పింది రమణమ్మ గారు. ఇప్పటికీ ప్రార్థనలో ఆ తల్లి పేరు తలుచుకుంటాను.

కారంటే డాబేనని రాసిన పెద్దమనిషి ఆ పూట మా షెడ్డుకు వచ్చి ఉంటే, ఆయన్నీ చెప్పులు విడిచి, మాట్లాడకుండా ఒక మూల నిలబడమనేవాళ్లం.