సరిత లేని సీజన్

2023 వేసవి చివర్లో కొత్తగూడెంలో మా కబడ్డీ జట్టుకు ఆఫీసంటూ ఏమీ లేదు. బొగ్గుగని కార్మికుల క్వార్టర్ల వెనక ఒక కమ్యూనిటీ హాలు, దాని వరండాలో నా ప్లాస్టిక్ కుర్చీ, అంతే. మహిళల జట్టుకు కోచ్‌గా పదేళ్లకు పైగా నేను ఆ కుర్చీలోనే కూర్చున్నాను. ఒకరోజు సాయంత్రం ప్రాక్టీసు అయిపోయాక మా రైడర్ సరిత వచ్చి, కుర్చీ చూపించినా కూర్చోకుండా, జట్టు వదిలి వెళ్తున్నానని చెప్పింది.

కబడ్డీ తెలియనివారి కోసం ఒక మాట. రైడర్ అంటే కూతకు వెళ్లే మనిషి. ఒకే ఊపిరిలో కూత పెడుతూ అవతలి కోర్టులోకి వెళ్లి, ఎవరినైనా తాకి, పట్టుబడకుండా తిరిగి రావాలి. అలా ఒకరిని తాకితే ఒక పాయింటు వస్తుంది, దాంతోపాటు అంతకుముందు ఔటై బయట కూర్చున్న మన అమ్మాయిల్లో ఒకరు మళ్లీ లోపలికి వస్తారు. సరిత ఏన్కూరు దగ్గరి తండా నుంచి వచ్చింది. నాలుగు సీజన్లు మా పాయింట్లలో పెద్దభాగం ఆమె కాళ్ల మీదే వచ్చాయి.

మా ప్రాంతపు లీగులో ఆటగాళ్ల ఒప్పందం ఒక్క సీజనుకే. అది ముగిశాక ఎవరు ఏ జట్టుకైనా వెళ్లవచ్చు. పెద్ద లీగుల్లో దీన్ని ఫ్రీ ఏజెన్సీ అంటారు, మేము రిలీజ్ అంటాం. అక్కడ టీవీల్లో చర్చలు నడుస్తాయి. ఇక్కడ అవతలి కోచ్ ఫోన్ చేసి "మీ పిల్ల ఖాళీనా మేడం?" అని అడుగుతాడు. ఖాళీయేనని మనం చెప్పేలోపే ఆ పిల్లతో మాట్లాడేసి ఉంటాడు.

"ఎటు పోతున్నవ్?" అన్నాను.

"ఖమ్మం మేడం. ఆళ్లు పిలిచిండ్రు."

"జాబ్ గిట్ల ఇప్పిస్తమన్నరా?"

"జాబ్ కాదు మేడం. లెఫ్ట్ కార్నర్ల ఆడిపిస్తమన్నరు."

నాకు నవ్వొచ్చింది. కార్నర్ అంటే కోర్టు మూలన నిలబడి, వచ్చిన రైడర్ చీలమండను ఒడిసిపట్టే డిఫెండర్. వేళ్లు విరిగేది, మోకాళ్లు పోయేది అక్కడే. అందుకే మా వైపు క్లబ్బుల్లో ఒక పద్ధతి ఉంది. ప్రధాన రైడర్‌ను పట్టు దగ్గరికి రానివ్వరు. అవతలివాళ్లు కూతకొచ్చినప్పుడు ఆమెను మధ్యలో, వెనక నిలబెడతారు. ఆమెకు దెబ్బ తగిలితే సీజన్ పోయినట్టే మరి.

"నీ అసుంటి రైడర్‌ను కార్నర్ల ఎవరన్న నిలవెడ్తరా?"

"నాలుగేండ్ల సంది ఎన్క నిలవడి చూసుడే అయింది మేడం. నాకు గూడ పట్టుడు నేర్సుకోవాలని ఉంది."

నేను నమ్మలేదు. వెళ్లిపోయే ఆటగాళ్లు అసలు కారణం చెప్పడం అరుదు. అమ్మకు బాగాలేదంటారు, దూరమవుతోందంటారు, తర్వాత చూస్తే ఇంకా దూరపు జట్టులో కనిపిస్తారు. ఇదీ అలాంటి సాకే అనుకున్నాను.

"ఉండమంటరా మేడం?" అని అడిగింది.

"ఉండమనే హక్కు నాకు లేదు" అన్నాను. అది నిజం. కోపం కూడా వచ్చింది, అదీ నిజమే. రిలీజ్ కాగితం మీద సంతకం చేసి పంపించాను.

నా కోపానికి కారణం పాయింట్లు ఒక్కటే కాదు. మా జట్టులో సగం మంది భద్రాచలం అవతలి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు. జట్టు మొదటి డివిజన్‌లో ఉన్నంతకాలం ఊళ్లోని ఒక ప్రైవేటు కాలేజీ వాళ్లకు హాస్టల్లో రెండు గదులు ఇస్తుంది. రెండో డివిజన్‌కు దిగితే ఆ గదులు పోతాయి. గదులు పోతే ఆ పిల్లలు ఇంటికి వెళ్లిపోవాల్సిందే, ఎందుకంటే గోదావరి దాటి రోజూ ప్రాక్టీసుకు వచ్చి వెళ్లడం అయ్యే పని కాదు.

సీజన్ మొదలైంది. పాయింట్లు తగ్గుతాయని ముందే తెలుసు. నేను ఊహించనిది మరొకటి జరిగింది. మా డిఫెన్స్ కుప్పకూలింది. మా కెప్టెన్ ఝాన్సీ సత్తుపల్లి వైపు రైతుల ఇంటి పిల్ల, ధైర్యం ఎక్కువ. రైడర్ దూరంగా ఉన్నా ఎగిరి మీద పడుతుంది. పట్టు దొరక్కపోతే ఔట్. ఇన్నాళ్లూ అది నష్టంగా కనిపించలేదు, ఎందుకంటే మరుసటి కూతలోనే సరిత ఎవరినో తాకి ఝాన్సీని లోపలికి తెచ్చేది. మా పిల్లలందరికీ అదే అలవాటు, ఔటవడమంటే భయం లేదు. ఇప్పుడు బయట కూర్చున్నవాళ్లు అలా కూర్చునే ఉండిపోతున్నారు. సరితతో పాటు ఏం పోయిందో అప్పుడుగాని నాకు పూర్తిగా అర్థం కాలేదు.

సరిత స్థానంలో పద్మను కూతకు పంపాను. చర్ల దగ్గరి గూడెం పిల్ల, హాస్టల్ గదుల్లో ఉంటున్నవాళ్లలో ఒకతి. కాళ్లు చురుకు, నోరు మాత్రం పెగలదు.

"నాతోటి కాదు మేడం. నేను సరితక్క లెక్క కాదు" అంది.

"నిన్నెవరు సరిత కమ్మన్నరు? పొయ్యి తాకి రా" అన్నాను.

పడుతూ లేస్తూ చివరి మ్యాచ్ దాకా వచ్చాం. ఆ మ్యాచ్ ఖమ్మం జట్టుతోనే. గెలిస్తే మొదటి డివిజన్‌లో ఉంటాం, ఓడితే దిగిపోతాం.

నిజం చెప్పాలంటే నాకు ధీమాగానే ఉంది. సరిత ఆట మాకంటే ఎవరికి బాగా తెలుసు? తాకడానికి కాలు విసిరి తన్నే ముందు ఆమె ఎడమ భుజం కాస్త వాలుతుంది, కూత వేగం పెరుగుతుంది. వారమంతా పద్మతో అచ్చం అలాగే కూత పెట్టించి, మిగతావాళ్లతో పట్టించాను. వారం చివరికి సరిత వేషంలో ఉన్న పద్మ ఎటు కదిలినా దొరికిపోతోంది. పిల్లలంతా హుషారుగా బస్సెక్కారు.

ఖమ్మంలో మ్యాచ్ మొదలైంది. వాళ్ల తరఫున మొదటి కూతకు ఎవరో వచ్చారు. రెండో కూతకు ఇంకెవరో. సరిత ఎడమ కార్నర్‌లో చేతులు చాచి, నడుము వంచి నిలబడి ఉంది. టైమ్ అవుట్‌లో ఝాన్సీ నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

"మేడం, సరిత ఎప్పుడొస్తుందండీ?"

"వస్తది. నువ్వు రెడీగుండు."

ఆమె రాలేదు. ఆట మొత్తంలో ఒక్కసారి కూడా కూతకు రాలేదు. రాని మనిషి కోసం మా పిల్లలు కాచుకుని ఉంటే, వచ్చినవాళ్లు హాయిగా తాకి వెళ్లిపోయారు. ఇటు పద్మ కూతకు వెళ్లినప్పుడల్లా సరిత చేతులు ఆమె చీలమండ దగ్గర తయారుగా ఉన్నాయి. నాలుగేళ్లు మా ప్రాక్టీసులో వెనక నిలబడి ఆమె మా అందరి కాళ్లనూ చదివేసిందని నాకు తట్టనే లేదు. ఆఖరి నిమిషంలో రెండు పాయింట్లు వెనకబడి ఉన్నాం. పద్మ కాలు లేపింది, సరిత పట్టింది, మిగతావాళ్లు మీద పడ్డారు. విజిల్ మోగింది.

పద్మ మ్యాట్ మీద నుంచి లేవలేదు. మోకాళ్ల మధ్య తల పెట్టుకుని ఏడుస్తోంది. సరిత వచ్చి పక్కన కూర్చుంది.

"తన్నే ముందు నా మొఖం దిక్కు చూస్తున్నవ్ పద్మా. ఎటు తంతవో నాకు ఆడ్నే ఎరుకైతది. మోకాళ్ల దిక్కు చూడు."

తర్వాత నా దగ్గరికి వచ్చి నమస్తే పెట్టింది. "కార్నర్ మంచిగ ఆడినవ్" అన్నాను.

"చెప్పిన కద మేడం" అంది. ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

హాస్టల్ గదులు పోయాయి. ఇద్దరు పిల్లలు ఇంటికి వెళ్లిపోయారు, ఎంత చెప్పినా తిరిగి రాలేదు. వాళ్లు గుర్తొస్తే ఇప్పటికీ బాధగా ఉంటుంది. మిగతావాళ్లకు క్వార్టర్ల దగ్గర ఒక గది కిరాయికి దొరికింది. ప్రధాన రైడర్‌ను మ్యాచ్‌లో పట్టుకు దూరంగా ఉంచే పద్ధతిని నేను మార్చలేదు, అది తప్పని ఇప్పటికీ అనుకోను. ప్రాక్టీసులో మాత్రం ఎవరినీ ఒకేచోట నిలబెట్టను. ఇంకొకటి కూడా నేర్చుకున్నాను. ఆటగాళ్లు ఒక కోరిక చెప్పినప్పుడు దాని వెనక ఇంకేదో ఉందని వెతకడం మానేసి, ముందు ఆ చెప్పినదాన్ని నమ్ముతాను. అందుకే రిలీజ్ రోజులు రాకముందే ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి అడుగుతున్నాను.

"వచ్చే సీజన్ల ఏం నేర్వాలనుంది?" అని పద్మను అడిగాను.

"మీరు చేసేది మేడం."

"నేను చేసేదేంది?"

"ఆడిపిచ్చుడు."

మళ్లీ నవ్వు రాబోయింది. ఆపుకున్నాను. మెడలోని విజిల్ తీసి ఆమె చేతిలో పెట్టి, రేపు పొద్దున ప్రాక్టీసు నువ్వే చేయించమన్నాను.

మరునాడు ఆ నోరు పెగలని పిల్ల మొట్టమొదట చేసిన పని మా కెప్టెన్‌ను కూతకు పంపడం. ఝాన్సీ మా జట్టులో చేరిన నాటి నుంచి డిఫెండరే, నేనెప్పుడూ ఆమెను గీత దాటించలేదు. వెళ్లింది, ఎవరినీ తాకలేకపోయింది, పట్టుబడి బోర్లాపడింది. ఒళ్లంతా మట్టితో లేచి, నవ్వుతూ, "ఇంకోసారి పోనా?" అని అడిగింది. అడిగింది నన్ను కాదు, పద్మను.