పడ్డవాడి మీద నోటీసు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది వేసవిలో నన్ను నారాయణగూడ ఆఫీసుకు వేశారు. ఉద్యోగంలో అదే నా చివరి పోస్టింగ్. గాలిమరలు తయారుచేసే మా కంపెనీ అప్పటికే దివాలా తీసింది. ట్రిబ్యునల్ దాని పగ్గాలను యజమానుల చేతిలోంచి తీసి రిజల్యూషన్ ప్రొఫెషనల్ వెంకటరెడ్డి గారికి అప్పగించింది. కంపెనీని నడుపుతూనే కొనేవాళ్లను వెతకడం ఆయన పని. దాని మీద ఎవరికి ఏ హక్కుందో పరిశీలించే విభాగానికి నేను మేనేజర్‌ని.

వచ్చేవాళ్లంతా అరవడానికే వచ్చేవారు. వాళ్ల తప్పేం లేదు. గాలిమర అమ్మినప్పుడు 'ఫలానా కాలం దాకా ఏది పాడైనా మేమే బాగుచేస్తాం' అని కంపెనీ వారంటీ రాసిచ్చింది. దివాలా మొదలయ్యాక ఆ హామీ కూడా ఒక బాకీగా మారి, బ్యాంకుల వెనక వరసలో నిలబడుతుంది. కోర్టుకెక్కుదామంటే కంపెనీ మీద దావాలన్నీ ఆగిపోతాయి. గడువులోగా క్లెయిమ్ వెయ్యకపోతే, కొత్త యజమాని వచ్చాక ఇక అడగడానికేమీ ఉండదు. ఇదంతా చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టేది.

అరవకుండా వచ్చింది నరసింహం గారొక్కరే. రాజమండ్రి వైపు నుంచి వచ్చి చిక్కడపల్లిలో స్థిరపడ్డ కుటుంబం. నగరం బయట చిన్న నూలు మిల్లు, అనంతపురం వైపు కొండల మీద ఒకే ఒక్క గాలిమర. గ్రిడ్ మీదుగా వచ్చే ఆ కరెంటు మీదే మిల్లు బతుకు. ఆయన పూతరేకుల డబ్బా నా బల్ల మీద పెట్టి, "మీ ఇంజనీర్లకు జీతాలు అందుతున్నాయా అమ్మా?" అని అడిగారు. దివాలా తీసిన కంపెనీకి పరామర్శ! అలాంటి మనిషిని నా సర్వీసులో చూడలేదు.

మాటల్లో అసలు సంగతి బయటపడింది. ఆయన గాలిమర గేర్‌బాక్సులో బేరింగ్ అరవడం మొదలెట్టింది. మా సర్వీసు బృందం పెద్ద యాదగిరికి ఫోన్‌లో చెబితే, అతను టవరెక్కి చూసి, మరను ఆపించి, గేర్‌బాక్సు విప్పాలన్నాడు. అంతలో కంపెనీ కూలింది. బయటివాళ్లు విప్పితే వారంటీ రద్దు. అలాగే తిప్పితే గేర్‌బాక్సు మొత్తం ముక్కలవుతుంది. ఆపి కూర్చుంటే మిల్లు మూతపడుతుంది. ఇంత జరిగినా కంపెనీకి ఆయన ఒక్క ముక్క రాయలేదు.

"పడ్డవాడి మీద నోటీసేమిటమ్మా? మా ఇంటా వంటా లేదు. యాదగిరి మా ఇంట్లో భోంచేసిన మనిషి" అన్నారు.

నాకు ఒళ్లు మండింది. మొహమాటానికి పోయి మిల్లు మూసుకునే వెర్రి మనవాళ్లకే చెల్లింది. బ్యాంక్ గ్యారంటీ ఉందా అని అడిగాను. ఉందన్నారు. మర నడవక, కంపెనీ బాగుచెయ్యకపోతే నష్టం ఫలానా మొత్తం దాకా తాను భరిస్తానని కంపెనీ తరఫున బ్యాంకు ఇచ్చే హామీ అది. మాట ఇచ్చింది బ్యాంకు కాబట్టి కంపెనీకి దావాల నుంచి దొరికిన విరామం దానికి వర్తించదు. అయితే దాని గడువు తీరేలోగా రాతపూర్వకంగా అడగాలి. ఆయన గ్యారంటీ ఆ వారంతోనే ముగుస్తోంది.

కంపెనీ కుర్చీలో కూర్చుని ఆ మాట ఆయనకు చెప్పవచ్చా? బ్యాంకు చెల్లించినదంతా మళ్లీ కంపెనీ అప్పుల్లోనే చేరుతుంది. వెళ్లి వెంకటరెడ్డి గారిని అడిగాను. ఆయన ఫైల్లోంచి తల కూడా ఎత్తలేదు. "చెప్పుడు మన డ్యూటీ మేడం. హక్కు ఏందో దాస్తే ఈ కుర్చీల నేనెందుకు? కానీ రాసిచ్చుడు మాత్రం మనం చెయ్యొద్దు. కాయితం ఆయనదే ఉండాలె, సంతకం ఆయనదే ఉండాలె." అంత నిక్కచ్చి మనిషి కింద పనిచేశానని ఈనాటికీ గర్వంగానే చెప్పుకుంటాను.

తిరిగొచ్చి నరసింహం గారికి అంతా వివరించాను. ఆయన ఇంకా నసుగుతున్నారు. చివరికి ఉండబట్టలేక, "మీ మిల్లు పనివాళ్లు మీ ఇంట్లో భోంచెయ్యలేదా అండీ?" అనేశాను. ఆయన లేచి వెళ్లిపోయారు.

మర్నాడు ఉత్తరం టైపు చేయించడానికి అశోక్ నగర్‌లో ఓ డీటీపీ షాపుకు వెళ్లారట. చుట్టూ పరీక్షలకు దరఖాస్తులు నింపుకునే పిల్లలు. షాపతను ఈయన్ను ఎగాదిగా చూసి, "పెద్దాయనా, మీరు ఏ పోస్టుకు అప్లై చేస్తున్నరు?" అన్నాడట. తర్వాత నాకు ఆ సంగతి చెప్పి తానే పడీ పడీ నవ్వారు. బ్యాంకుకు గ్యారంటీ కోరుతూ ఉత్తరం, దానికి మించిన నష్టానికి మాకు క్లెయిమ్, రెండూ గడువులోగా చేరాయి. బ్యాంకు కొర్రీలు వేసింది గానీ చివరికి చెల్లించింది.

డబ్బు చేతికొచ్చాక ఇక వారంటీ బెంగ లేదు, పని ఎవరికైనా ఇచ్చుకోవచ్చు. ఆయన మాత్రం మళ్లీ మా ఆఫీసుకే వచ్చి, ఆ డబ్బు కట్టి గేర్‌బాక్సు యాదగిరి బృందం చేతే విప్పిస్తానన్నారు. పనిలేక కూర్చున్న బృందానికి అది దివాలా తర్వాత దొరికిన మొదటి పని. వెంకటరెడ్డి గారు ఆ పని ఆర్డరు కాగితం రెండుసార్లు చదివి, "మనిషంటే ఈయన" అని సంతకం పెట్టారు. బేరింగ్ మారింది, మర తిరిగింది, మిల్లు మూతపడలేదు.

కంపెనీని కొన్నవాళ్లు పాత వారంటీలు ఒప్పుకోలేదు. గడువులో అడగనివాళ్లు ఖాళీ చేతులతో వెళ్లారు. హక్కు అడగడం వేరు, పడ్డవాడిని తన్నడం వేరు. ఆ తేడా నాకు చట్టం పుస్తకాల్లో కాదు, నరసింహం గారి దగ్గర తెలిసింది.

యాదగిరి ఇప్పుడు కంపెనీని కొన్నవాళ్ల దగ్గరే పనిచేస్తున్నాడు. మర ఏమాత్రం మోగినా నరసింహం గారు ముందు అతనికి ఫోన్ చేస్తారు. ఫోన్ పెట్టేశాక అదే మాట కంపెనీకి ఉత్తరంలో రాస్తారు. చివర్లో మాత్రం 'యాదగిరికి ఆశీస్సులు' అని ఉంటుంది.